వంద మీటర్ల దగ్గర ‘వద్దు’ అనాలంటే

2008 జనవరిలో పోలండ్ వైమానిక దళం అధికారులు వార్సాలో కూర్చుని విమాన భద్రత గురించి మాట్లాడుకున్నారు. ఏటా జరిగే సమావేశమే. అది ముగిశాక 23వ తేదీ సాయంత్రం ఒక కాసా సీ-295 రవాణా విమానం, పెళ్ళివారిని ఊరూరా దింపుకుంటూ పోయే బస్సులాగా, వాళ్ళను ఎవరి స్థావరంలో వాళ్ళను దించుతూ బయల్దేరింది. పొవిద్జ్‌లో కొందరు దిగారు, పోజ్నాన్ పక్కన క్షెషినీలో ఇంకొందరు దిగారు. తర్వాతిది మిరోస్వావియెత్స్. అప్పటికి చీకటి పడింది, మబ్బు బాగా కిందికి ఉంది. మొదటిసారి రన్‌వేకి సూటిగా రావడం కుదరక చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చారు. రెండోసారి రన్‌వే ఇంకా కిలోమీటరు పైచిలుకు దూరం ఉందనగా అడవిలో కూలిపోయింది. నలుగురు సిబ్బంది, పదహారు మంది ప్రయాణికులు. ఒక్కరూ మిగల్లేదు. పోయినవాళ్ళలో ఒక బ్రిగేడియర్ జనరల్ కూడా ఉన్నాడు.

భద్రత మీద సమావేశం నుంచి వస్తూ చనిపోయారన్న సంగతి పత్రికలకి మంచి హెడ్డింగు. నాకు ఆసక్తి కలిగించింది అది కాదు, దర్యాప్తులో బయటపడిన చిల్లర సంగతులు. ఆ స్థావరంలో విమానానికి రేడియో కిరణంతో దారి చూపే ఐఎల్ఎస్ అందుబాటులో లేదు. రాడార్ ముందు కూర్చున్న కంట్రోలర్ నోటితో చెబుతూ దింపాలి, ఆయన చెప్పినవీ సరిగ్గా లేవు. నేల దగ్గరపడుతోందని అరిచే హెచ్చరిక పరికరం ఉంది కానీ దాని గొంతు నొక్కేసి ఉంది. ఆ వాతావరణానికి, ఆ రాత్రికి తగిన జోడీని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టలేదు. ఇద్దరూ కిటికీలోంచి రన్‌వే దీపాల కోసం వెతుకుతుంటే విమానం ఒక పక్కకి ఒరిగిపోతున్న సంగతి ఎవరూ చూడలేదు. రక్షణ మంత్రి ఐదుగురు అధికారులను పదవుల్లోంచి తప్పించాడు, శిక్షణ మార్చాలని సిఫార్సులు రాసుకున్నారు, ఫైలు మూశారు.

రెండేళ్ళు దాటి మూడు నెలలు కూడా కాకముందే, 2010 ఏప్రిల్ 10న, అదే వైమానిక దళానికి చెందిన టుపొలెవ్-154 రష్యాలోని స్మోలెన్‌స్క్ దగ్గర పొగమంచులో దిగబోయి కూలింది. 96 మంది చనిపోయారు. దేశాధ్యక్షుడు లెఖ్ కచిన్‌స్కీ, ఆయన భార్య, సైన్యాధిపతులు, ఎంపీలు, 1940లో సోవియట్లు వేలమంది పోలండ్ అధికారులను చంపిన కతిన్ ఊచకోతలో తమవాళ్ళను పోగొట్టుకున్న కుటుంబాలవాళ్ళు. ఆ ఊచకోతకి డెబ్భై ఏళ్ళయిన సందర్భంగా నివాళి అర్పించడానికే వెళ్తున్నారు.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. విమానం నడిపినవాణ్ణి కాదు, స్టోర్స్ లెక్కలు రాసినవాణ్ణి. సెలవుకి వెళ్ళేటప్పుడూ, బదిలీ మీద వెళ్ళేటప్పుడూ కొరియర్‌లో, అంటే మనుషులనీ సామాన్నీ మోసే సైనిక రవాణా విమానంలో, సీటు దొరుకుతుందేమోనని మూవ్‌మెంట్ ఆఫీసు దగ్గర సంచీ పెట్టుకుని కూర్చున్నవాణ్ణి. అందుకే ఈ ప్రమాదాల నివేదికలు దొరికినప్పుడల్లా కాక్‌పిట్ వైపు నుంచి కాకుండా వెనక సీట్ల వైపు నుంచి చదువుతాను. అలా చదవగా చదవగా కుదిరిన అభిప్రాయం ఇది. సైనిక రవాణా విమానం దిగేటప్పుడు కూలితే ‘పైలట్ తప్పిదం’ అని రాసి ఊరుకోకూడదు. దిగకుండా వెనక్కి తిరగడానికి ఆ వ్యవస్థ పైలట్ దగ్గర ఎంత వసూలు చేస్తోందో లెక్క తీయాలి. ఆ రేటు ఎక్కువగా ఉన్నచోట మంచి పైలట్ కూడా దిగడానికే చూస్తాడు.

అసలు దిగడమంటే ఏమిటో కొంచెం చెప్పాలి. ప్రతి రన్‌వేకీ, అక్కడున్న పరికరాలను బట్టి ఒక కనిష్ఠ ఎత్తు ఉంటుంది. పైలట్లు దాన్ని మినిమా అంటారు. ఆ ఎత్తుకి వచ్చేసరికి రన్‌వేనో దాని దీపాలో కళ్ళకి కనపడాలి. కనపడలేదా, ఇంజన్లకి పూర్తి శక్తి ఇచ్చి ముక్కు పైకెత్తి వెళ్ళిపోవాలి. దాన్నే గో-అరౌండ్ అంటారు. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు, ఉండకూడదు కూడా. ఆలోచన అంతా పైన ఉన్నప్పుడే అయిపోవాలి. ఎందుకంటే ఆ ఎత్తు దగ్గర ఒక్కో సెకనుకి మూడు నాలుగు మీటర్లు కిందికి జారుతూ ఉంటారు. కంగారుగా దిగితే అంతకంటే ఎక్కువ. ‘ఇంకొంచెం చూద్దాం’ అనుకునే వ్యవధిలోనే చెట్ల చివర్లు వచ్చేస్తాయి.

స్మోలెన్‌స్క్‌లో ఆ ఎత్తు వంద మీటర్లు. కంట్రోలర్ రేడియోలో అదే చెప్పాడు, వంద మీటర్ల దగ్గర పైకి వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉండమని. అక్కడా ఐఎల్ఎస్ లేదు. అది పాత సైనిక విమానాశ్రయం, ఉన్నవి సంకేతాలు పంపి దిశ తెలిపే రెండు రేడియో బీకన్లు, ఒక రాడార్. అంతకుముందే పోలండ్ విలేకరులతో వచ్చిన యాక్-40 దిగింది, దిగకూడని మంచులో దిగింది. ఆ తర్వాత వచ్చిన రష్యా ఇల్యూషిన్-76 రెండుసార్లు ప్రయత్నించి వేరే ఊరికి వెళ్ళిపోయింది. అప్పటికే నేల మీద ఉన్న యాక్ సిబ్బంది టుపొలెవ్ వాళ్ళకి రేడియోలో పరిస్థితి ఘోరంగా ఉందని చెబుతూనే, కావాలంటే ఒకసారి ప్రయత్నించి చూడండి అన్నారు. స్నేహితులు చెప్పే ఇలాంటి సలహాలు ఏ నియమావళిలోనూ ఉండవు, కానీ నియమావళి కంటే గట్టిగా పనిచేస్తాయి.

కాక్‌పిట్ రికార్డులో నన్ను ఎక్కువసేపు ఆపేసిన చోటు ఒకటుంది. కూలడానికి పావుగంట ముందు విదేశాంగ శాఖ ప్రోటోకాల్ అధికారి కాక్‌పిట్‌లోకి వస్తాడు. మంచు కమ్మేసింది, ఈ పరిస్థితుల్లో దిగలేం, ఒక్కసారి ప్రయత్నిస్తాం కానీ బహుశా కుదరకపోవచ్చు, తర్వాత ఏం చేయాలో చెప్పండి అని కెప్టెన్ ఆయనకి చెబుతాడు. చాలా సబబైన మాటలు, మర్యాదగా చెప్పినవి. కాసేపటికి ఆ అధికారి తిరిగొచ్చి, ఏం చేయాలన్నదాని మీద అధ్యక్షుడు ఇంకా నిర్ణయం తీసుకోలేదని చెబుతాడు. దిగి తీరాలని ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఎవరూ బెదిరించలేదు. అయినా పొగమంచులో ఏ విమానాశ్రయానికి మళ్ళాలన్నది వెనక కేబిన్‌లో కూర్చున్న ప్రయాణికుడు తేల్చాల్సిన విషయంగా అక్కడ అందరికీ మామూలైపోయింది. హైదరాబాద్ విమానం మంచు వల్ల విజయవాడలో దిగలేకపోతే మూడో వరుసలో కూర్చున్నాయన నిర్ణయం కోసం పైలట్ ఎదురుచూస్తాడా?

చివరి నిమిషం ఇంకా దగ్గర్నుంచి చూడాలి. రష్యన్ భాషలో కంట్రోలర్‌తో మాట్లాడుతున్నది కెప్టెనే, విమానం నడుపుతున్నదీ కెప్టెనే. నావిగేటర్‌కి ఆ రకం విమానంలో పెద్దగా అనుభవం లేదు. అతను ఎత్తు చదువుతున్నది రేడియో ఆల్టీమీటర్ నుంచి. ఆ పరికరం విమానం కింద నేల ఎంత దూరంలో ఉందో చెబుతుంది, రన్‌వేకి ఎంత ఎత్తున ఉన్నామో చెప్పదు. స్మోలెన్‌స్క్ రన్‌వే ముందు ఒక లోయ ఉంది. విమానం కిందికి జారుతోంది, కింద నేల కూడా అంతే జారుతోంది. దాంతో నావిగేటర్ వంద అన్నాడు, కొన్ని సెకన్లు గడిచాక మళ్ళీ వంద అన్నాడు. విన్నవాళ్ళకి విమానం అక్కడే నిలకడగా ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి అప్పటికే రన్‌వే మట్టానికి దగ్గరపడుతోంది. కెప్టెన్ వైపు ఉన్న, గాలి ఒత్తిడితో పనిచేసే ఆల్టీమీటర్‌ని ప్రామాణిక ఒత్తిడికి మార్చేశారు, దాంతో అది అసలు కంటే ఎక్కువ ఎత్తు చూపించింది. నేల హెచ్చరిక యంత్రం అరుపు ఆపడానికే అలా చేశారన్నది రష్యన్ల నివేదికలో ఉంది. కాసేపు ఆగి ఆ యంత్రం మళ్ళీ అరిచింది, పైకి లాగు, పైకి లాగు అని.

లాగలేదని అనుకుంటాం. పోలండ్ సొంతంగా వేసిన మిల్లర్ కమిటీ చెప్పింది వేరు. ‘వెళ్ళిపోదాం’ అన్న మాట కాక్‌పిట్‌లో వినిపించింది. కెప్టెన్ గో-అరౌండ్ బటన్ నొక్కాడు. ఐఎల్ఎస్ లేని విమానాశ్రయంలో ఆ విమానం ఆటోపైలట్ మీద ఆ బటన్ పనిచేయదు. అది అతనికి తెలియదు, తెలిసేలా శిక్షణ ఇవ్వలేదు. దేశ నాయకుల విమానాలు నడిపే ఆ వైమానిక రెజిమెంట్‌లో టుపొలెవ్ సిబ్బందిని సిమ్యులేటర్ శిక్షణకి పంపడమే మానేశారు. బటన్ పనిచేయలేదని గ్రహించి చేత్తో లాగేసరికి ఆలస్యమైపోయింది. రన్‌వే కిలోమీటరు కూడా లేని చోట ఎడమ రెక్క ఒక పెద్ద బర్చ్ చెట్టుకి తగిలింది.

అధ్యక్షుడి దర్పం, పైలట్ మొండితనం అని కథ అల్లేయడం సులువు. అతను ఆఖర్న ‘వద్దు’ అనే అనుకున్నాడు. అనడానికి కావలసిన పనిముట్టు అతని చేతిలో పెట్టలేదు. పెట్టాల్సినవాళ్ళకి మిరోస్వావియెత్స్ నివేదిక అందింది, చదివే తీరిక దొరికినట్టు లేదు.

ఇంతకుముందే ఇంకో సంగతి జరిగింది. నా దృష్టిలో స్మోలెన్‌స్క్ మొదలైంది అక్కడే. 2008 ఆగస్టులో రష్యా, జార్జియా యుద్ధం మధ్యలో ఇదే అధ్యక్షుడు ఇదే రెజిమెంట్ విమానంలో బయల్దేరాడు, వెంట ఇంకొన్ని దేశాల నాయకులున్నారు. నేరుగా త్బిలిసీకి తీసుకెళ్ళమన్నారు. యుద్ధం జరుగుతున్న ఆకాశంలోకి, సరైన సమాచారం లేకుండా వెళ్ళనని కెప్టెన్ కచ్చితంగా చెప్పి, అనుకున్న ప్రకారం అజర్‌బైజాన్‌లోని గాంజాలో దించాడు. అక్కణ్ణుంచి నాయకులు రోడ్డు మీద వెళ్ళారు. అధ్యక్షుడికి కోపమొచ్చింది. అధికారి కావాలనుకున్నవాడు పిరికిగా ఉండకూడదన్న అర్థం వచ్చేలా విలేకరుల ముందే అన్నాడు. అధ్యక్షుడి పార్టీ ఎంపీ ఒకాయన కెప్టెన్ మీద ప్రాసిక్యూటర్లకి ఫిర్యాదు పంపాడు. విచారణలో తప్పేమీ తేలలేదు. రక్షణ మంత్రి అతన్ని మెచ్చుకుని పతకం కూడా ఇచ్చాడు.

అంటే బాగానే ముగిసినట్టే కదా? కాదు. ఆ రోజు ఆ కెప్టెన్ పక్కన కో-పైలట్ సీట్లో కూర్చున్న మనిషే 2010లో స్మోలెన్‌స్క్‌లో కెప్టెన్. ఒక ‘వద్దు’కి ఎంత ఖర్చవుతుందో అతను పక్కన కూర్చుని మొత్తం చూశాడు. టీవీల్లో చర్చలు, ప్రాసిక్యూటర్ పిలుపులు, పిరికివాడన్న మాట. పతకం కూడా చూశాడు, కాదనను. కానీ ఉద్యోగంలో ఉన్నవాడికి పతకం కంటే విచారణ ఎక్కువ గుర్తుంటుంది. దేశంలో ఏ పైలట్‌నైనా అడగండి. అతని మనసులో ఏముందో మనం చెప్పలేం. నేను చెప్పేది రేటు గురించి. త్బిలిసీ వ్యవహారంతో ఆ రెజిమెంట్‌లో ఆ రేటు అందరికీ తెలిసేలా గోడకి అతికించినట్టయింది.

స్మోలెన్‌స్క్ తర్వాత ఆ రెజిమెంట్‌ని రద్దు చేశారు. దేశ నాయకుల ప్రయాణాలకి చాలా ఏళ్ళపాటు పౌర విమానయాన సంస్థ లాట్ దగ్గర రెండు ఎంబ్రాయర్-175లు అద్దెకి తీసుకున్నారు. పౌర పైలట్లు, పౌర నియమాలు. నాకు ఇందులో ఒక ఒప్పుకోలు కనిపిస్తుంది. ఆ నియమాలు మొదటినుంచీ సైనిక విమానానికి ఎందుకు లేవు?

లేవు, ఎందుకంటే ఉండనక్కర్లేదని రాసుకున్నారు. పౌర విమానయానానికి మూలమైన 1944 నాటి షికాగో ఒప్పందం మూడో అధికరణం ప్రకారం సైన్యం, పోలీసు, కస్టమ్స్ విమానాలు దాని పరిధిలోకి రావు. యుద్ధ విమానానికి అది న్యాయమే. కానీ వెనక 50 మంది మామూలు మనుషులను కూర్చోబెట్టుకుని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళే విమానానికి ఆ మినహాయింపు దేనికి? అదే మనిషి ఇండిగోలో ఎక్కితే ఒక రకం రక్షణ, కొరియర్‌లో ఎక్కితే ఇంకో రకం.

అమెరికా లాంటి దేశంలోనే ఇది ఎలా వికటించిందో చూడండి. 1996 ఏప్రిల్ 3న క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్‌లో దిగబోతూ అమెరికా వైమానిక దళం సీటీ-43 కొండని ఢీకొట్టింది. వాణిజ్య మంత్రి రాన్ బ్రౌన్‌తో సహా 35 మంది పోయారు. ఆ విమానం మరేదో కాదు, బోయింగ్ 737-200 సైనిక రూపం. అప్పటికి ప్రపంచమంతా తిరుగుతున్న పౌర 737లన్నింటిలో బ్లాక్ బాక్స్ ఉండేది, ఇందులో లేదు. ఆ విమానాశ్రయంలో దిగే పద్ధతికి ఒకేసారి రెండు బీకన్లను పట్టే రెండు రిసీవర్లు కావాలి. ఈ విమానంలో ఒక్కటే ఉంది. ఒక బీకన్ మీద దారి పట్టుకుంటే, ఇక వెనక్కి తిరగాల్సిన చోటు వచ్చిందని చెప్పే రెండో బీకన్ వినపడదు. దారి ఎడమకి తొమ్మిది డిగ్రీలు తప్పింది, తిరగాల్సిన చోటు దాటిపోయింది, ఎదురుగా మబ్బులో కొండ. పైగా అక్కడ దిగే దారి చూపే మ్యాపులో వేసిన కనిష్ఠ ఎత్తే తప్పు, ఉండాల్సినదాని కంటే 600 అడుగులకి పైగా తక్కువ.

సొంతంగా సరిచూసుకోని విదేశీ మ్యాపులతో ప్రయాణికులను దించకూడదన్న నియమం అమెరికా వైమానిక దళంలో అప్పటికే ఉంది. ఆ దళం మినహాయింపు అడిగింది, పై ఆఫీసు కుదరదంది, కింద వాళ్ళు ఎప్పటిలాగే ఎగిరారు. ఇక్కడ ‘వద్దు’ అన్నది కాక్‌పిట్ కాదు, కాగితం. దాన్నీ ఎవరూ లెక్కచేయలేదు. కానీ అమెరికా వాళ్ళని ఒకందుకు మెచ్చుకోవాలి. రెండు నెలల్లో వేల పేజీల దర్యాప్తు నివేదికని జనం ముందు పెట్టారు. అందులో పైలట్ల తప్పుతోపాటు కమాండర్ల తప్పూ, మ్యాపు తప్పూ పక్కపక్కనే రాశారు. చర్యలు జనరళ్ళ దాకా వెళ్ళాయి.

మన సంగతికి వద్దాం. ఇక్కడ నా మాట కొంతమంది పాత మిత్రులకి రుచించదు. రుచించకపోయినా సరే.

మన వైమానిక దళం రవాణా విమానం ఏఎన్-32లో ఎక్కినవాళ్ళకి తెలుసు. గోడల పొడవునా మడత సీట్లు, మధ్యలో వల కప్పి గొలుసులతో బిగించిన సామాను, దాని మీద ఎవరివో ట్రంకు పెట్టెలు. కిటికీ వీపు వెనక ఉంటుంది, చూడాలంటే మెడ తిప్పాలి. చెవుల్లో దూది పెట్టుకున్నా ఇంజన్ల హోరు పళ్ళలోకి ఎక్కుతుంది. ఈశాన్యంలో ఒకసారి కొండల మధ్య చిన్న ఎయిర్‌స్ట్రిప్‌కి వెళ్తున్నాం. మబ్బులోకి దిగాం, చక్రాలు దిగిన కుదుపు తెలిసింది, ఉన్నట్టుండి ఇంజన్లు గొంతు పెంచాయి, వీపు గోడకి అతుక్కుంది. పైకి వెళ్ళిపోయాం. బయల్దేరిన చోటికే తిరిగొచ్చాం. దిగుతుంటే వెనకాల సణుగుడు మొదలైంది. సెలవులో ఒక రోజు పోయిందని ఒకడు, కూరగాయలు కుళ్ళిపోతాయని ఒకడు, ఈ పైలట్‌కి ధైర్యం తక్కువని ఒక హవల్దార్. కెప్టెన్ చిన్న వయసువాడే. ర్యాంపు దగ్గర నిలబడి అన్నీ విన్నాడు, ‘కల్ సుబహ్ ఛే బజే’ (రేపు పొద్దున ఆరింటికి) అని మాత్రం అన్నాడు. నేను ఎంతోమంది గొప్ప అధికారుల ప్రసంగాలు విన్నాను. ఒక్కటీ గుర్తులేదు, ఈ నాలుగు ముక్కలు గుర్తున్నాయి.

రేటు పెంచేది అధ్యక్షులు, జనరళ్ళే కాదని చెప్పడానికి ఇది రాశాను. సెలవుల సీజన్, ఎదురుచూసే యూనిట్, నిన్న పక్క స్క్వాడ్రన్ వాడు దిగాడన్న మాట, ఇవన్నీ పెంచుతాయి. 2019 జూన్ 3న జోర్హాట్ నుంచి మెచుకా బయల్దేరిన ఏఎన్-32 దారిలో కొండని ఢీకొట్టింది, 13 మంది పోయారు. శిథిలాలు దొరకడానికి ఎనిమిది రోజులు పట్టింది. అలాంటి లోయల్లో రోజూ దిగుతున్న పైలట్ల నైపుణ్యం గురించి నాకు రవ్వంత అనుమానం లేదు. నా అనుమానమంతా, వాళ్ళు తిరిగొచ్చిన రోజున ఎవరు ఏమంటారన్న దాని మీద.

2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ రావత్ ప్రయాణిస్తున్న ఎంఐ-17 హెలికాప్టర్ కూలింది. పక్కనే ఉన్న వెల్లింగ్టన్‌లో దిగడానికి ఇంకా కొద్ది నిమిషాలే ఉంది. 14 మంది చనిపోయారు, మన చిత్తూరు జిల్లా నుంచి వెళ్ళిన యువ సైనికుడు కూడా వాళ్ళలో ఒకడు. అనుకోకుండా వాతావరణం మారి హెలికాప్టర్ మబ్బులోకి వెళ్ళింది, పైలట్‌కి దిశ తెలియలేదు, నేలని ఢీకొట్టింది అని మరుసటి నెలలో ఒక చిన్న ప్రకటన వచ్చింది. మూడేళ్ళకి పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో, 34 ప్రమాదాల పట్టికలో ఒక గడిలో, కారణం అన్న చోట సిబ్బంది మానవ తప్పిదం అని ఉంది. అంతే. దేశ త్రివిధ దళాధిపతి చనిపోయిన ప్రమాదానికి ఒక గడి. వేరే దారి ఉందా, వెనక్కి తిరిగితే ఎవరికైనా జవాబు చెప్పాల్సి వచ్చేదా, కార్యక్రమం టైము ఎవరు పెట్టారు, ఈ ప్రశ్నలకి ఆ గడిలో చోటు లేదు.

పౌర విమానాల్లో తప్పులు జరగవా అంటే జరుగుతాయి. స్మోలెన్‌స్క్ తర్వాత ఆరు వారాలకి, 2010 మే 22న, మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది పోయారు. అక్కడా మరీ ఎత్తున వచ్చారు, అక్కడా యంత్రం అరిచింది, గో-అరౌండ్ అని కో-పైలట్ ఒకటికి మూడుసార్లు అన్నాడు, కెప్టెన్ వినలేదు. కానీ ఇదంతా మనకి ఎలా తెలుసు? నివేదిక బయటికొచ్చింది కాబట్టి. ఆ సంభాషణని ఇవాళ శిక్షణలో ఉన్న పిల్లలు చదువుతున్నారు. పౌర సంస్థల్లో ఇప్పుడు ‘నో ఫాల్ట్ గో-అరౌండ్’ అని ఒక పద్ధతి పాటిస్తున్నారు. పైలట్ తిరిగి పైకి వెళ్ళాడా, తప్పు పట్టరు, ఇంధనం వృథా అయిందని గొణగరు. ఇంత చేసినా, రన్‌వే వైపు దిగుతూ రావడం (అప్రోచ్) సరిగ్గా కుదరని సందర్భాల్లో నూటికి మూడింట్లోనే పైలట్లు తిరిగి పైకి వెళ్తున్నారని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. అంత తేలిక చేసినచోటే అంత కష్టంగా ఉంటే, జవాబుదారీ మొత్తం పైలట్ నెత్తిన పెట్టి తలుపులు మూసుకునే చోట ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

తెలుగువాళ్ళకి ఇదేమీ దూరపు కబురు కాదు. 2002లో బాలయోగి, 2009లో రాజశేఖరరెడ్డి, ఇద్దరూ వాతావరణం అనుకూలించని రోజున హెలికాప్టర్‌లో వెళ్ళి తిరిగిరాలేదు. అవి సైనిక విమానాలు కావు. అయినా రాజశేఖరరెడ్డి ప్రమాదం తర్వాత టీవీల్లో కుట్ర ఉందా లేదా అన్న చర్చ నడిచింది. పోలండ్‌లోనూ అంతే, స్మోలెన్‌స్క్‌లో బాంబు పేలిందన్న వాదన మీద ఏళ్ళకేళ్ళు రాజకీయాలు నడిచాయి, ప్రభుత్వ ఉపసంఘమే కూర్చుంది. కుట్ర కథలో విలన్ దొరుకుతాడు. పనిచేయని బటన్‌లో, మానేసిన సిమ్యులేటర్ శిక్షణలో ఎవడూ దొరకడు, అందుకే అవి ఎవరికీ పట్టవు.

దీనికి ఒక గట్టి ఎదురువాదన ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. సైన్యమంటే రిస్కు, ప్రతిదానికీ వెనక్కి తిరిగితే సియాచిన్‌కి సరుకు ఎవరు చేరుస్తారు అంటారు. నిజమే. 2023 ఏప్రిల్‌లో సూడాన్ యుద్ధంలో చిక్కుకున్న 121 మందిని తేవడానికి మన సీ-130జే రవాణా విమానం ఒకటి ఖార్టూమ్‌కి ఉత్తరాన వాదీ సయ్యద్నా అనే చిన్న స్ట్రిప్ మీద రాత్రిపూట దిగింది. అక్కడ దీపాలు లేవు, దారి చూపే పరికరాలు లేవు. పైలట్లు నైట్ విజన్ కళ్ళద్దాలతో దిగారు. దిగేముందు విమానంలోని ఇన్‌ఫ్రారెడ్ పరికరాలతో రన్‌వే మీద అడ్డేమీ లేదని చూసుకున్నారు. నేల మీద ఇంజన్లు ఆపలేదు, గరుడ్ కమాండోలు కాపలా కాశారు. స్మోలెన్‌స్క్ కంటే వెయ్యి రెట్లు ప్రమాదకరమైన చోటు. తేడా ఎక్కడుందంటే, ఆ రిస్కుని కూర్చుని తూకం వేసి, తగిన పరికరం, తగిన శిక్షణ, తగిన మనుషులతో ఎత్తుకున్నారు. ప్రాణాలు కాపాడటం కోసం ఎత్తుకున్నారు. నివాళి సభకి ఆలస్యమవుతుందని ఎత్తుకున్న రిస్కునీ దీన్నీ ఒకే గాటన కట్టి రెండింటికీ ‘సాహసం’ అని పేరు పెడితే, ఈ సీ-130జే వాళ్ళని అవమానించినట్టే.

ఇంకో వాదన రహస్యం. దర్యాప్తు నివేదికలు బయటపెడితే శత్రువుకి సమాచారం అందుతుందంటారు. ఫ్రీక్వెన్సీలు, మార్గాలు, ఆయుధాల సంగతులు ఉన్న పేజీలు నల్లగా కొట్టేయండి, ఎవరు వద్దన్నారు? కెప్టెన్ ఎన్ని గంటలు నిద్రపోయాడు, సిమ్యులేటర్‌లో ఆఖరుసారి ఎప్పుడు కూర్చున్నాడు, ప్రయాణాన్ని వాయిదా వేద్దామని ఎవరైనా అడిగారా, ఇవి ఏ శత్రువుకీ పనికిరావు. మనకి పనికొస్తాయి.

ఇవాళ ఈ మాట అవసరం ఎందుకంటే, పాత అవ్రో రవాణా విమానాల స్థానంలో మన వైమానిక దళం తెచ్చుకుంటున్న 56 విమానాలు సీ-295లే. మిరోస్వావియెత్స్‌లో కూలిన రకమే. విమానంలో లోపమేమీ లేదు, మంచి విమానం. పదహారు స్పెయిన్ నుంచి, నలభై వడోదర ఫ్యాక్టరీ నుంచి. వాటిలో నేల హెచ్చరిక పరికరం గొంతు నొక్కే స్విచ్ మీద ఎవరి అజమాయిషీ ఉంటుంది? గో-అరౌండ్ చేసి తిరిగొచ్చిన కెప్టెన్ స్క్వాడ్రన్‌లో కాగితం రాసివ్వాలా, అక్కర్లేదా? ముందు సీట్లో ఎంత పెద్ద అధికారి ఉన్నా కాక్‌పిట్ తలుపు దిగేటప్పుడు మూసి ఉంటుందా? ఇవి పార్లమెంటులో అడగదగిన ప్రశ్నలు, జవాబులో రహస్యమేమీ ఉండదు.

అడగడానికి మన ఎంపీలకి సొంత కారణం కూడా ఉంది. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతంలో మాయమైన ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. ఎనిమిది మంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు, యూనిఫాం లేని మామూలు ఉద్యోగులు, డ్యూటీ మీద కొరియర్ ఎక్కినవాళ్ళు. ఏడున్నరేళ్ళ తర్వాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి 300 కిలోమీటర్ల అవతల 3,400 మీటర్ల లోతున ఒక మానవరహిత జలాంతర్గామి శిథిలాల ఫొటోలు తీసింది. అది దిగుతూ కూలిన విమానం కాదు, ఆకాశంలో ఉండగానే పోయింది. అయినా ఆ ఎనిమిది ఇళ్ళవాళ్ళు అడిగేది కూడా ఇదే. దర్యాప్తులో ఏం తేలిందో, అందులో ఏ సిఫార్సు అమలైందో, ఏది కాలేదో, ఒక కాపీ ఇమ్మని.